గులాబీ వంశవృక్షం, మన రక్తపరీక్ష

గడ్డపోతారం, ఖాజీపల్లి, బొంతపల్లి దారుల్లో గులాబీ మొక్కలు అమ్మే బండ్లను మీరు చూసే ఉంటారు. మొక్క పేరేమిటని అడిగితే అమ్మేవారు రంగు చెబుతారు: పసుపు, ఎరుపు, లేదా "రెండు రంగులది సార్". పేరు చెప్పరు. చాలా సందర్భాలలో వారికీ తెలియదు. కానీ తోటల్లో మనం పెంచే ఆధునిక గులాబీలలో అనేకం తల్లిదండ్రుల పేర్లతో సహా రిజిస్టర్లలో నమోదైనవే. కొన్నింటి వంశావళి మన ఇళ్లలో చాలామందికి తెలిసిన వంశావళి కన్నా పొడవైనది. ఎవరి సంతానం, పేరేమిటి అన్న రెండు ప్రశ్నలూ వైద్యుడికి కూడా ముఖ్యమైనవే కనుక ఈ విషయం ఇక్కడ రాస్తున్నాను.

ప్రపంచంలో అత్యంత ప్రసిద్ధమైన తోట గులాబీ 'పీస్'. లేత పసుపు రేకులకు గులాబీ రంగు అంచు. ఫ్రాన్సులోని లియోన్ సమీపంలో ఫ్రాన్సిస్ మేలాండ్ 1935లో చేసిన సంకరంలో పుట్టింది. అప్పటికి దాని గుర్తు 3-35-40 అనే అంకె మాత్రమే. తరువాత ఆయన తన తల్లి పేరిట దానికి 'మదాం ఎ. మేలాండ్' అని పేరు పెట్టాడు. యుద్ధం ముంచుకొస్తున్న వేళ దాని కొమ్మలు ఇతర దేశాలకు చేరాయి. సమాచారం తెగిపోవడంతో జర్మనీలో 'గ్లోరియా దేయి' అనీ, ఇటలీలో 'జోయా' అనీ పిలిచారు. బెర్లిన్ పతనమవుతున్న రోజుల్లో, 1945 ఏప్రిల్ 29న, అమెరికాలో దానికి 'పీస్' అని నామకరణం చేశారు. మొక్క ఒక్కటే, పేర్లు నాలుగు.

ఇక దాని వంశం. మేలాండ్ కుటుంబం తెలిపిన దాని ప్రకారం ఒకవైపు 'మార్గరెట్ మెక్‌గ్రెడీ' అనే గులాబీ, మరొకవైపు నాలుగు గులాబీల కలయికతో వచ్చిన మొలక. ఆ నాలుగింటిలో ఒకటి 'సువెనీర్ ద క్లాడియస్ పెర్నే'. లియోన్ గులాబీ పెంపకందారు జోసెఫ్ పెర్నే-డ్యూషే తన ఇద్దరు కుమారులనూ మొదటి ప్రపంచ యుద్ధంలో కోల్పోయాడు. వారిలో క్లాడియస్ స్మృతిగా ఆయన 1920లో విడుదల చేసిన పసుపు గులాబీ అది. రెండవ యుద్ధం ముగింపులో శాంతి పేరు పొందిన పువ్వుకు, మొదటి యుద్ధంలో మరణించిన బిడ్డ పేరు మోసిన పువ్వు ముత్తాత వరుస అవుతుందన్నమాట. ఈ సంగతి మొదట చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు ఊరక కూర్చున్నాను.

ఆ ముత్తాత మరొక సొత్తు కూడా ఇచ్చిపోయాడు. చిక్కని పసుపు రంగు తోట గులాబీలకు వచ్చింది 'రోజా ఫీటిడా' అనే పశ్చిమాసియా గులాబీ నుండి. పెర్నే-డ్యూషే 1900లో 'సొలేయ్ దోర్' ద్వారా ఆ రంగును తోటలకు తెచ్చాడు. రంగుతో పాటు నల్లమచ్చ తెగులుకు లొంగిపోయే గుణం కూడా వచ్చింది. వానాకాలంలో మీ పసుపు గులాబీ ఆకులపై నల్లని మచ్చలు లేచి, ఆకు పండి రాలుతుంటే, తప్పు మీ సంరక్షణది మాత్రమే కాదు. అది కొంతవరకు వంశాగతం.

మనుషులలోనూ ఒకే జన్యువు మేలూ కీడూ వెంటబెట్టుకొని వస్తుంది. సికిల్ సెల్, తలసేమియా జన్యువులు ఒక్కొక్కటిగా ఉన్నవారికి మలేరియా తీవ్రరూపం నుండి కొంత రక్షణ లభిస్తుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. రక్షణగా వచ్చినదే, జంటగా కలిసినప్పుడు వ్యాధి అవుతుంది.

ఆ 'జంట' అనే మాటను అర్థం చేసుకోవడానికి మరొక గులాబీ కథ ఉపకరిస్తుంది. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్, ఆయన సతీమణి గిరిజ, ఉష్ణదేశపు ఎండకు తట్టుకొనే గులాబీల కోసం దశాబ్దాలు కృషి చేశారు. ఉద్యోగం విడిచాక వారు కొడైకెనాల్‌లో స్థిరపడ్డారు. వారు సృష్టించిన ఒక గులాబీకి 'ఇ.కె. జానకి అమ్మాళ్' అని పేరు పెట్టారు. చెరకు మొదలు మాగ్నోలియా వరకు ఎన్నో మొక్కల క్రోమోజోములను లెక్కించిన ఆ శాస్త్రవేత్తకు పువ్వు పేరుకన్నా తగిన గౌరవం వేరే ఉంటుందనుకోను.

వీరరాఘవన్ ఎంచుకున్న మూలాలలో ఒకటి మణిపూర్, బర్మా కొండల్లో పెరిగే 'రోజా జైగాంటియా'. అది మహావృక్షాల మీదికి పాకే తీగ. కానీ ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. ఏడాది పొడుగునా పూసే తోట గులాబీతో దాన్ని కలిపితే పుట్టే మొదటి తరం కూడా సాధారణంగా ఒక్కసారే పూస్తుంది. ఎందుకంటే ఎడతెగక పూసే గుణం అంతర్గతమైనది. తల్లి నుండీ తండ్రి నుండీ రెండు ప్రతులూ అందితేనే బయటపడుతుంది. ఒక్క ప్రతి ఉన్న మొక్కను చూసి అది లోపల ఉందని చెప్పలేరు. రెండు జతల క్రోమోజోములున్న గులాబీలలో అటువంటి రెండింటిని కలిపితే, నాలుగింట ఒక వంతు మొలకలలో అది తిరిగి కనిపిస్తుంది.

బీటా తలసేమియా లెక్క అచ్చంగా ఇదే. ఒక్క ప్రతి ఉన్నవారిని వాహకులంటాము. వారు ఆరోగ్యంగా ఉంటారు. మహా అయితే కొద్దిపాటి రక్తహీనత. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు తీవ్ర తలసేమియా రావడానికి. మొదటి బిడ్డకు వచ్చింది కనుక తరువాతి ముగ్గురికీ రాదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు, ప్రతిసారీ లెక్క మొదటి నుండి మొదలవుతుంది. వ్యాధి ఉన్న బిడ్డ ఆరు నెలల నుండి రెండేళ్ల లోపు పాలిపోతుంది. మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. అలా శరీరంలో పేరుకొనే ఇనుమును తొలగించడానికి జీవితాంతం మందులు వాడాలి.

మన తెలుగునాట మేనరికాలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. ఒకే తాతమ్మ నుండి ఒకే జన్యువు రెండు శాఖల్లోకి దిగి, పెళ్లిపీటల మీద తిరిగి కలుసుకొనే అవకాశం అక్కడ ఎక్కువ. మేనరికం చేసుకున్నవారిని నిందించడం నా ఉద్దేశం కాదు. జాతకంతో పాటు ఒక రక్తపరీక్ష చేయించమనే కోరుతున్నాను. మామూలు రక్తపరీక్షలో ఎం.సి.వి. అంకె 80 కన్నా బాగా తక్కువగా ఉండి, ఎర్రకణాల సంఖ్య మాత్రం తగ్గకపోతే, ఐరన్ మాత్రలతో సరిపెట్టుకోకుండా హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష అడగండి. సాధారణంగా 3.5 శాతం దాటితే వాహకులని అనుమానించాలి. ఐరన్ లోపం ఉన్నప్పుడు ఈ అంకె తగ్గి కనిపించవచ్చు కనుక ఫలితాన్ని వైద్యుడి చేత చదివించుకోండి. గర్భిణి వాహకురాలని తేలితే భర్తకు వెంటనే పరీక్ష చేయాలి; ఇద్దరూ వాహకులైతే గర్భం తొలి నెలల్లోనే శిశువుకు పరీక్ష సాధ్యం. హైదరాబాదులో 1998 నుండి తలసేమియా సికిల్ సెల్ సొసైటీ ఈ బిడ్డల కోసమే పనిచేస్తున్నది.

పేర్ల సంగతి మిగిలింది. గడ్డపోతారంలోని కర్మాగారాలలో తయారయ్యే ముడి ఔషధాలకు ఒక్కొక్కటే అసలు పేరు. అవి మాత్రలై డబ్బాలకెక్కేసరికి, 'పీస్' గులాబీలాగే, నాలుగు కాదు నలభై పేర్లు వస్తాయి. క్రోసిన్, డోలో, కాల్‌పాల్: మూడింటిలోనూ ఉన్నది పారాసెటమాలే. జలుబు మాత్రలు చాలావాటిలోనూ అదే ఉంటుంది. జ్వరానికి ఒకటి, ఒళ్లు నొప్పులకు మరొకటి, జలుబుకు ఇంకొకటి అని వేసుకొనేవారు తెలియకుండానే రోజుకు 4 గ్రాముల హద్దు దాటిపోగలరు. దెబ్బ తినేది కాలేయం. మద్యం అలవాటున్నవారికి, బరువు తక్కువ ఉన్నవారికి హద్దు ఇంకా తక్కువ. పెద్ద అక్షరాల పేరు విడిచి, దాని కింద చిన్న అక్షరాలలో ఉన్న పేరు చదవండి. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లే పెద్దలకు ఒక సూచన: అక్కడి మందుల దుకాణంలో పారాసెటమాల్ అనకండి, ఎసిటమినోఫెన్ అని అడగండి. మందు అదే.