జాలీ కోఠీలో బేస్ బాజా

మీరట్‌లో జాలీ కోఠీకి దారి ఎవరినీ అడగనక్కర్లేదు. ఎవరో ఒకరు కొత్త ట్రంపెట్ మీద ఒకే స్వరం పదేపదే ఊది చూస్తుంటారు, ఆ వైపు నడిస్తే చాలు. ఢిల్లీకి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న కంటోన్మెంటు ఊరిది. బ్రిటిష్ సైన్యంలో బ్యాండు నడిపిన నాదిర్ అలీ 1885లో పెట్టిన కంపెనీతో ఇక్కడ బ్యాండు వాద్యాల తయారీ వేళ్ళూనుకుంది. ఇప్పుడు ఇంటి ముందుభాగం దుకాణం, వెనకభాగం కార్ఖానా. దేశంలో పెళ్ళి ఊరేగింపుల ముందు మెరిసే ఇత్తడిలో చాలా భాగం ఈ సందుల్లోదే.

నేను వెళ్ళింది ఇత్తడి వాద్యాల్లో అన్నిటికన్నా మంద్రంగా పలికే ట్యూబా కోసం. ఇక్కడ దాన్ని బేస్ అనేస్తారు. ఒక చిన్న కార్ఖానాలో ఉస్తాద్ నన్ను ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, "పని చూస్తూ ఉండండి భాయీసాబ్, అడగాల్సినవి తర్వాత అడగొచ్చు" అన్నాడు. ఎదురుగా ఒకతను బెల్, అంటే వాద్యం మూతి, తయారుచేస్తున్నాడు. విసనకర్రలా కత్తిరించిన రేకును చుట్టి, అంచులకు కోసిన పళ్ళను ఒకదానిలో ఒకటి ఇరికించి, వెలిగారం చల్లి అతుకు కరిగిస్తారు. ఆ అతుకు కనబడకుండా పోయేదాకా సుత్తితో కొట్టడమే అసలు పని. కొట్టినకొద్దీ ఇత్తడి పెళుసెక్కుతుంది. అందుకని మధ్యమధ్యలో కాల్చి మెత్తబరుస్తారు. చివరికి ఇనుప అచ్చుకెక్కించి లేత్ మీద నునుపు తేలుస్తారు. గొట్టాలది ఇంకో చిక్కు. ఖాళీగా వంచితే నొక్కుకుపోతాయి. లోపల సీసమో గుగ్గిలమో కరిగించి పోసి, గట్టిపడ్డాక వంచి, మళ్ళీ వేడిచేసి దాన్ని కార్చేస్తారు.

ఇన్ని వంపులూ పొడవును దాచడానికే. బి-ఫ్లాట్ ట్యూబాను విప్పి నిటారుగా నిలబెడితే 18 అడుగులు. సి ట్యూబా 16, ఇ-ఫ్లాట్ 13, ఎఫ్ 12. పొడవు పెరిగితే శ్రుతి దిగుతుంది. వాల్వులు చేసేదీ అదే. నొక్కగానే అదనపు గొట్టంలోకి గాలి మళ్ళి స్వరం ఇంకా కిందికి జారుతుంది. అయితే మొదటి, మూడో వాల్వులను కలిపి నొక్కితే చేరిన పొడవు కొంచెం చాలదు, స్వరం హెచ్చుగా పలుకుతుంది. ఆ లోటు తీర్చడానికీ, ఇంకా కిందికి దిగడానికీ నాలుగోది పెడతారు. "మిలిటరీవాళ్ళే అడుగుతారు, మిగతావాళ్ళకు మూడు చాలు" అన్నాడు ఉస్తాద్.

మిలిటరీవాళ్ళు అడగడంలో వింతేమీ లేదు, ఈ వాద్యం పుట్టిందే వాళ్ళ కోసం. 1835లో ప్రష్యా సైనిక బ్యాండుల పెద్ద వీప్రెహ్ట్, వాద్యాలు చేసే మోరిట్జ్ కలిసి బెర్లిన్‌లో పేటెంటు తీసుకున్న బేస్ ట్యూబా ఎఫ్ శ్రుతిది. అంతకుముందు ఆ చోట్లో ఒఫిక్లైడ్ అనే వాద్యం ఉండేది. స్వరకర్త బెర్లియోజ్ 1830 నాటి సింఫనీలో దానికి రాసిన భాగాన్ని నేటి ఆర్కెస్ట్రాల్లో చాలావరకు ట్యూబాయే వాయిస్తోంది. ఆర్కెస్ట్రాలో వాయించేవాడు దాన్ని ఒళ్ళో పెట్టుకుంటాడు, బెల్ కప్పువైపు చూస్తుంది. నడిచే సిపాయికి ఒడి ఎక్కడిది? అతనికోసం గొట్టాన్ని ఒంటిచుట్టూ తిప్పి భుజానికెక్కిస్తే హెలికాన్ అయింది. 1890లలో అమెరికాలో బ్యాండు నాయకుడు జాన్ ఫిలిప్ సూసా కోరికమీద బెల్‌ను పెద్దదిచేసి ఆకాశంవైపు నిలిపితే సూసాఫోన్. వాన నీళ్ళు పట్టే పాత్ర అని దాన్ని ఎగతాళి చేసేవారట. తర్వాత బెల్ ముందుకు తిరిగింది, బరువు తగ్గించడానికి ఫైబర్‌గ్లాస్‌వీ వచ్చాయి. కుటుంబంలో చిన్నది 9 అడుగుల యూఫోనియం. వాగ్నర్ ట్యూబాను మాత్రం నేను ఈ లెక్కలో చేర్చను. అది హార్న్ వాయించేవాళ్ళ సొత్తు.

పాశ్చాత్య బ్యాండులో ట్యూబాకు పాట వరస అరుదుగా దక్కుతుంది. వరస కింద ఆధారస్వరాలు వేయడమే దాని ఉద్యోగం. స్వరకర్త వాన్ విలియమ్స్ 1954లో దానికోసం ఒక కన్చెర్టో రాయడం వార్త అయిందంటే అందుకే. మన పెళ్ళి బ్యాండులో ఆ ఉద్యోగమే లేదు. క్లారినెట్ నుంచి యూఫోనియం దాకా అందరూ కలిసి ఒకే సినిమా పాట ఎత్తుకుంటారు, ఊపు సంగతి డ్రమ్ములు చూసుకుంటాయి. యూఫోనియం ఇందులో బాగుపడింది. అక్కడ నీడపట్టున ఉండేది ఇక్కడ పాట పాడుతోంది. సూసాఫోన్ మాత్రం చాలాచోట్ల ఊరేగింపుకు అందంగా మిగిలింది. దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు గానీ నాకు తప్పనిపించదు. నడివీధిలో, జనరేటరు హోరులో, అడుగు స్వరం ఎవరికి వినబడాలి?

ఉస్తాద్ ఈ తేడాను ఇంకా సూటిగా చెప్పాడు. "మిలిటరీవాళ్ళు వస్తే ముందు ఊది చూస్తారు. పెళ్ళి బ్యాండువాళ్ళు ముందు బెల్ ఎంత వెడల్పో కొలుస్తారు."

మూలన ఒక సూసాఫోన్ పూత ముగించుకుని సిద్ధంగా ఉంది. వాల్వులు మూడే. కొన్న బ్యాండువాళ్ళు బెల్ లోపల తమ పేరు ఎర్ర అక్షరాలతో రాయించమన్నారట. అది ఈ కార్ఖానా పని కాదు. పక్క సందులో పెయింటరున్నాడు, మధ్యాహ్నానికి అక్కడికి పంపాలని కుర్రవాడు దానికి గోనెపట్టా చుడుతున్నాడు.