లైను ఎవరింట్ల ఉన్నది?

మాది వాడపల్లి. మూసీ పోయి కృష్ణలో కలిసే చోటు. గుళ్లకు, పుష్కర స్నానాలకు పేరున్న ఊరు. ఆ ఊరి మాదిగవాడలో పుట్టి, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేనే.

మా నాయిన డప్పు కొట్టి చాటింపేసేటోడు. పెద్దకులాల ఇండ్లల్ల ఎవరన్నా చచ్చిపోతే చుట్టాల ఊర్లకు నడిచిపోయి చావుకబురు చెప్పొచ్చేటోడు. విన్నోళ్లు గడప బయటనే నిలబెట్టి, ఇన్ని గింజలు ఎత్తునుంచి ఆయన తువ్వాలలో పోసేటోళ్లు. కబురు లోపలికి పోతది, మోసినోడు పోడు. టెలిఫోన్లు వచ్చినంక ఆ ఎట్టి ఆగింది. ఫోను కులాన్ని చంపిందని కొందరు మిత్రులు సభల్లో అంటుంటే నాకు నా ఉద్యోగం యాదికొస్తది.

2005లో మిర్యాలగూడలో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. హాస్టల్లో ఉంటూ సాయంత్రాలు ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనికి కుదిరిన. దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. పదేండ్లకు, 2005 జనవరిలో, బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది గానీ మేముండే బజారుకు అదింకా రాలేదు. టెలిఫోన్ తీగ, దానికో మోడెమ్. ఎంత గుంజినా 56 కిలోబిట్లు. అంటే సెకనుకు ఏడు కిలోబైట్లు. దాన్నే ఐదు కంప్యూటర్లు పంచుకోవాలె.

షాపు కింద, ఓనరు ఇల్లు పైన. ఫోను లైను పైన హాల్లో ఉన్నది, దేవుని అర్ర పక్కన. మోడెమ్, దానికి తగిలించిన లినక్స్ కంప్యూటరు కూడా అక్కడే. అక్కణ్ణుంచి కిందికి వైరు. లైను తెగినప్పుడల్లా ఒకరు పైకి ఉరకాలె. మొదటి వారం నేనే ఉరికిన. తర్వాత ఓనరు తల్లి "మీరేమోళ్లు బిడ్డా?" అని అడిగింది. చెప్పిన. తెల్లారి ఓనరు నా మొఖం చూడకుండ, "నువ్వు పైకి రాకు తమ్మీ, కింద పని చూసుకో" అన్నడు. తిట్టలేదు, కొట్టలేదు. జీతం కూడా కొయ్యలేదు. ఇట్లాంటివి కేసు పెట్టెటందుకు దొరకవు.

పైకి పోకుండ పైనున్న మోడెమ్‌ను ఎట్ల లేపాలె? ఆ లినక్స్ పెట్టిన సీనియరు అన్న చెప్పిండు: కింది కంప్యూటర్ నుంచే దానిలోకి లాగిన్ కావొచ్చు, నల్ల తెర మీద మాటలు కొడితే చాలు. "పాన్" అంటే లైను కలుస్తది. "పాఫ్" అంటే తెగుతది. "పీలాగ్" అంటే ఏం జరిగిందో చెప్తది. మొదటిసారి కొడితే "అనుమతి లేదు" అని వచ్చింది. ఆ మెషీన్‌లో లైను కలపాలంటే "డిప్" అనే గుంపులో మన పేరుండాలె. అన్న ఒక్క లైను కొట్టి నన్ను అందులో చేర్చిండు. ఎవరికి అనుమతి ఉన్నదో అక్కడ ఫైలులో రాసి ఉంటది, ఎవరైనా చదవొచ్చు. మేడ మీది అనుమతి ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు.

మోడెమ్‌తో మాట్లాడే భాష కూడా నేర్చుకున్న. ప్రతి మాటకు ముందు "ఏటీ" అనాలె, ఇటు చూడు అని పిలిచినట్టు. "ఏటీజెడ్" అంటే మళ్లా మొదటికి రా. "ఏటీడీటీ" అని నంబరిస్తే డయల్ చేస్తది. అటునుంచి "బిజీ" అంటే ఆగాలె, "నో క్యారియర్" అంటే మళ్లా కొట్టాలె, "కనెక్ట్" అంటే పేరు, పాస్‌వర్డ్ పంపాలె. ఏం వినపడితే ఏం జవాబివ్వాలె అని వరుసగా రాసి పెట్టుకునే ఫైలును చాట్ స్క్రిప్టు అంటరు. దాన్ని రాసుడు నేర్చినంక నెట్టు తెగినా గిరాకీకి తెలవకుండ కలిపేటోణ్ణి. గిరాకీ లేనప్పుడు తెంపాలె, ఎందుకంటే ఫోను మీటరు నిమిషాల లెక్కన తిరుగుతది. ఎంసెట్ ఫలితాల రోజు దుకాణం ముందు బజారంతా పిల్లలు. ఆ రోజు ఎన్నిసార్లు లైను తెగితే అన్నిసార్లు నేనే కలిపిన, మెట్టు ఎక్కకుండ.

అయితే మోడెమ్ బిర్రబిగిసిపోతే ఏ కమాండూ పనిచెయ్యదు, స్విచ్ తీసి వెయ్యాలె. అప్పుడు చాయ్ తెచ్చే పిల్లగాడు పైకి పోయేటోడు. పది తప్పిండు, కంప్యూటర్ తెలవదు, కానీ వాడు పోవొచ్చు. నా మాట తీగల పోయి దేవుని అర్ర పక్కదాకా చేరింది, నా కాళ్లు చేరలేదు. నాయిన గడపకూ నా గడపకూ నడుమ తేడా ఒక వైరు పొడుగు. అందుకే యంత్రం వస్తే కులం పోతదన్న మాట నేను ఒప్పుకోను. యంత్రం మా చేతికి పని ఇచ్చింది, విద్య ఇచ్చింది, అది నిజం. గడపను తీసేసింది మాత్రం కాదు. దూరంనుంచే పని చేయించుకునే వీలు వాళ్లకూ ఇచ్చింది.

తర్వాత డీఎస్సీ రాసి సర్కారు బడిలో సారునైన. 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లల్ల డిజిటల్ పాఠాలు మొదలైనయి. పాఠాలు ఎవరు చూస్తున్నరో రాసుకొమ్మన్నరు. వాడలు తిరిగిన. మా ఏడో తరగతి బిడ్డ ఒకామె ఊళ్లె ఒకరి కిటికీ బయట నిలబడి నోట్సు రాసుకుంటున్నది. రిజిస్టరులో ఆమె "చూసింది" కిందనే వస్తది. కిటికీ అవతలనా ఇవతలనా అని రాసే గడి ఆ రిజిస్టరులో లేదు.

చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నేను చెప్పేది రెండు ముచ్చట్లు. నల్ల తెర భాష నేర్చుకోండి, అది ఎవని అబ్బ సొత్తూ కాదు. నేర్చుకుంటూనే లైను ఎవరింట్ల ఉన్నది, తాళం ఎవరి చేతిల ఉన్నది అని అడగండి. ఇప్పుడు మా బడిలో నాలుగు పాత కంప్యూటర్లున్నయి. పిల్లలకు మొదట నేర్పే కమాండు "గ్రూప్స్", అంటే నేను ఏ గుంపులో ఉన్నానో చూపెట్టేది. ఆ గది తాళం చెవి ఆఫీసు బీరువాలోంచి తీయించి, పిల్లల చేతికందే మేకుకు తగిలేపిచ్చిన.