గూడబాతులూ, మూడు కెమేరాలూ

పక్షుల్ని చూడబోయేవాడు ఎటువంటి కెమేరా పట్టుకుపోవాలన్నది, ఆ పక్షులు గట్టుకు ఎంత దూరాన కాపురముంటున్నవో దాన్నిబట్టి వుంటుంది. దుకాణంలో యీ సంగతి ఎవరూ అడగరు. ఎన్ని రెట్లు జూమ్ కావాలండీ అని మాత్రం అడుగుతారు.

గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు తీసుకోండి. వూరి చెరువు. చెరువు మధ్య చెట్లు, చెట్లనిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. గట్టుమీద నిలబడితే వాటి అరుపులే కాదు, వాసన కూడా ఎదురొచ్చి పలకరిస్తుంది. అక్కడికి మా మేనల్లుడి దగ్గర అడిగి తీసుకుపోయిన చిన్న కెమేరా బ్రహ్మాండంగా పనిచేసింది. సోనీవారి ఆర్‌ఎక్స్ 100 లో ఏడోది, 2019లో వచ్చినది. బరువు 302 గ్రాములు. చొక్కా జేబులో పడుతుంది. దాని జూమ్ 24 నుంచి 200 మిల్లీమీటర్ల వరకు (పాత 35 మి.మీ. ఫిలిం లెక్కలో చెబుతున్నాను, అందరూ ఆ లెక్కే వాడతారు). ఉప్పలపాడు ఒక్కటే లోకమైతే యీ వ్యాసం యిక్కడితో సరి.

నేలపట్టు సంగతి వేరు. సూళ్ళూరుపేటకు యివతల, దొరవారిసత్రం దగ్గర దిగి పోవాలి. 2022లో జిల్లాలు మార్చినప్పుడు యీ ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారింది. పక్షులకు యీ కబురు అందినట్టు లేదు, ఎప్పటిలాగే అక్టోబరు నుంచి దిగుతూనే వున్నవి. నీళ్ళలో నిలిచిన చెట్లు, వాటిమీద గూళ్ళమీద గూళ్ళు. వెనకటి రోజుల్లో యిద్దరు మనుషులు ఎదురుబొదురుగా నిలబడి పొలానికి నీళ్ళు తోడే గూడ చూసినవారికి, ఆ ముక్కు కింది సంచి చూడగానే గూడబాతు అన్న పేరు ఎంత అతికిందో తెలుస్తుంది. తెలుగు మేష్టరుకు అక్కడ కూడా మాటలే కనబడతాయని మా ఆవిడ నవ్వింది.

మా నాన్నగారు ఆ చుట్టుపక్కల పదకొండేళ్ళు బడిపంతులుగా చేశారు. ఆదివారం వస్తే సైకిలుమీద నేలపట్టు వెళ్ళేవారు. యిప్పుడాయనకు చూపు నడిమిభాగం మసకబారింది. టెలివిజన్‌కు జానెడు దూరాన కూర్చుని, పక్కచూపుతో పెద్ద బొమ్మల్ని పోల్చుకుంటారు. “నువ్వు వెళ్ళి తీసుకురా అబ్బాయీ, నేనిక్కడ కూర్చుని చూస్తాను” అన్నారు. అంచేత బొమ్మను ఎంత పెద్దది చేసినా చెదరకూడదు. పక్షులా దూరాన వుంటాయి. పోనీ పెద్ద సరంజామా మోసుకుపోదామంటే నాకు రెండేళ్ళుగా మెడనొప్పి. బరువు తగిలించవద్దని డాక్టరుగారి ఆజ్ఞ. నిపుణులు వాడే పెద్ద కెమేరాలకు బిగించే సోనీ 200-600 కటకం ఒక్కటే రెండు కిలోల పైచిలుకు. దానికి దూరంనుంచే నమస్కారం పెట్టాను.

మా కాలేజీలో ఫిజిక్సు మేష్టారి దగ్గర నికాన్ పి1000 వున్నది. 2018లో వచ్చినది. దాని జూమ్ ఏకంగా 3000 మిల్లీమీటర్లు! ఆయన మేడమీద కూర్చుని చంద్రుడిలో గుంటలు చూస్తూవుంటారు. బరువు దాదాపు కిలోన్నర. అడగ్గానే యిచ్చారు.

కొంచెం లెక్క చెబుతాను, విసుక్కోకండి. నూరు మీటర్ల దూరాన 200 మి.మీ. జూమ్‌తో చూస్తే 18 మీటర్ల వెడల్పు బొమ్మలో పడుతుంది. 600తో 6 మీటర్లు. గూడబాతు పొడవు మీటరున్నర లోపు. అంటే మొదటిదానిలో పక్షి చీమ. రెండోదానిలో బొమ్మ వెడల్పులో సుమారు నాలుగోవంతు. 3000తో చూస్తే ఒక్క పక్షే బొమ్మంతా నిండిపోతుంది.

యిక సెన్సర్. యిది సినిమావాళ్ళను బాధించే సెన్సారు కాదు. వెలుతురును పట్టే పలక. నికాన్ పలక ఆరు మిల్లీమీటర్ల పైన వెడల్పు, నాలుగున్నర ఎత్తు. ‘ఒక అంగుళం’ రకం అనే పలక 13.2 వెడల్పు, 8.8 ఎత్తు (ఎటు కొలిచినా అంగుళం రాదు, పేరు అంతే!), వైశాల్యంలో దానికి నాలుగు రెట్లు. దానికి తోడు, జూమ్ చివరంటా లాగితే నికాన్ కటకం ద్వారం ఎఫ్8కు కుంచించుకుపోతుంది. ఎఫ్4 తో పోలిస్తే లోపలికొచ్చే వెలుతురు నాలుగోవంతు. పక్షులు గూళ్ళకు చేరేది పొద్దువాలిన తరువాత, సరిగ్గా వెలుతురు తగ్గేవేళ.

మూడోది సోనీ ఆర్‌ఎక్స్ 10 లో నాలుగోది; 2017లో వచ్చింది. ఒక అంగుళం పలక, 24 నుంచి 600 మిల్లీమీటర్లు, చివరిదాకా ఎఫ్4. బరువు 1095 గ్రాములు. తెలిసినవారొకరు అమ్మకానికి పెట్టారంటే, కొనే ముందు రెండురోజులు అడిగి తెచ్చుకున్నాను.

మర్నాడు పులికాట్‌కు పోయాం. సూళ్ళూరుపేటనుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యగా సాగుతుంది. దూరాన గులాబీరంగు గీత, అవి ఫ్లెమింగోలు. యిక్కడైనా నికాన్ గెలుస్తుందనుకున్నాను. ఎండ ఎక్కేసరికి నీళ్ళమీద గాలి సెగలై లేచింది. 3000 జూమ్‌లో ఆ పక్షులు నీళ్ళలో పడ్డ నీడల్లా వణికిపోయాయి. సెగను జూమ్ చేస్తే సెగే పెద్దదవుతుంది. దానికి ఏ కటకమూ మందు కాదు. తెల్లవారుజామున రావడమొక్కటే ఉపాయం.

యింటికొచ్చి మూడింటి బొమ్మలూ టెలివిజన్‌లో వేశాను. ఏది ఏ కెమేరాదో చెప్పలేదు. చిన్నదాని బొమ్మలు శుభ్రంగానే వున్నవి గాని, పక్షిని పెద్దది చేసేసరికి అలుక్కుపోయింది. నికాన్ తీసిన కన్ను చూసి నాన్నగారు “యిదేమిటి, రాయా?” అన్నారు. సాయంత్రపు బొమ్మలైతే పిండి చల్లినట్టున్నవి. మూడోదాని బొమ్మ దగ్గర ఆగారు. చెట్టు మొత్తం, గూళ్ళన్నీ పడ్డ బొమ్మ. కుర్చీ యింకా ముందుకు జరుపుకుని, “ఆ కొమ్మ పెద్దది చెయ్యి” అన్నారు. చేశాను. చెదరలేదు. పిల్ల తల్లి సంచిలో తల దూర్చి చేపలు తింటున్నది. “ఆఁ, అదీ!” అని, చాలాసేపు మాట్లాడలేదు.

కెమేరా కొన్నాను. కిలో పైచిలుకు బరువు గనుక మెడకు తగిలించను. భుజంనుంచి నడుముకు అడ్డంగా వెడల్పాటి పటకా వేసి, గంట తిరిగి చూశాకనే డబ్బు యిచ్చాను. దుకాణంలో అయిదు నిమిషాలు పట్టుకుంటే ఏ కెమేరా అయినా తేలికే. మెట్లెక్కేటప్పుడు మా ఆవిడ పుచ్చుకుంటుంది.

వచ్చే చలికాలం శ్రీకాకుళంవైపు తేలినీలాపురం వెళ్ళాలని వున్నది. అక్కడ పక్షులు వూళ్ళో చెట్లమీదనే గూళ్ళు కడతాయి కనుక మేనల్లుడి చిన్న కెమేరా చాలదా అని మా ఆవిడ అంటుంది. నాన్నగారు మాత్రం పెద్దదే పట్టుకుపొమ్మంటున్నారు.