వయఃపరిణామము

మనుష్యజీవితమును చెట్టుతో పోల్చుట మనకు వాడుక. మొలక, మ్రాను, మోడు అను మూడు మాటలతో బ్రతుకంతయు చెప్పి ముగించుచున్నాము. ఈ పోలిక వినుటకు సొంపుగానే యున్నది గాని, మన యిండ్లలో రెండు అన్యాయములకు అది యాధారమగుచున్నది. ఆడపిల్ల యెదుగుదల ముగియక మునుపే ముగిసినదనుకొనుట యొకటి. పెద్దవారి యెదుగుదల యెన్నడో ముగిసిపోయినదనుకొనుట రెండవది.

యాస్కుని నిరుక్తమున భావవికారములు ఆఱు చెప్పబడినవి: పుట్టుట, ఉండుట, మారుట, పెరుగుట, తరుగుట, నశించుట. ఇందు మారుటను పెరుగుటలోను కలుపక, తరుగుటలోను కలుపక, వేఱుగా లెక్కించుట గమనింపదగినది. ఒడ్డు పొడుగు పెరుగుట ఆగినను మనుష్యుడు మారుట ఆగదు. పాశ్చాత్యులలో ఎరిక్ ఎరిక్సన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1950లో ప్రకటించిన గ్రంథమున జీవితమును 8 దశలుగా విభజించి, వానిలో మూడింటిని కౌమారము దాటిన కాలమునకే కేటాయించెను. నడివయస్సున రాబోవు తరమును గూర్చి పాటుపడనివాడు తనలో తానే నిలువనీరగునని ఆయన తలంపు.

మొదటి అన్యాయమును చూతము. బాలికల వివాహమునకు 1929 నాటి శారదా చట్టము 14 ఏండ్లను కనీస వయస్సుగా నిర్ణయించెను. 1978లో అది 18 ఏండ్లయ్యెను. 2006 నాటి చట్టము శిక్షలను పెంచెను. అయినను పదవతరగతి పరీక్ష వ్రాసి, ఫలితములు వచ్చునప్పటికి మెట్టినింట నున్న బాలికలను మావంటి యుపాధ్యాయులు నేటికిని చూచుచున్నారు. "పిల్ల యెదిగినది, ఇంక నేల జాగు?" అని తల్లిదండ్రులందురు. వారు చూచినది దేహమును మాత్రమే. ముందుచూపునకును నిగ్రహమునకును తోడ్పడు మెదడు ముందుభాగము ఇరువదియేండ్లు దాటిన పిదప గాని పరిపక్వము కాదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. తన బ్రతుకును గూర్చి తాను నిర్ణయించుకొనగల శక్తి కుదురుకొనక మునుపే ఆ నిర్ణయమును మనము చేసివేయుచున్నాము.

రెండవ యన్యాయము ఇంతకంటె మెత్తనిది. గౌరవము పేర జరుగునది. "ఈ వయస్సున నీకెందుకమ్మా" అను మాటలో ప్రేమ యున్నది, తలుపు మూయుటయు నున్నది. వయస్సు మీరినకొలది క్రొత్త సంగతులను గ్రహించు వేగము తగ్గుననుట నిజమే. కాని పదసంపద అఱువదియేండ్లకును తరుగదు. పలువురిలో పెరుగుచునే యుండును. గిడుగు వెంకట రామమూర్తిగారిని తలచుకొందము. 1863లో జన్మించిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. వ్యావహారిక భాషకై ఉద్యమించినది నలువదియేండ్లు దాటిన పిదపనే. కొండలలోని సవరల భాషను వారినుండియే నేర్చుకొని, 1931లో దానికి వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. అప్పటికి ఆయన డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు. చెవులు సరిగా వినబడవు. వినికిడి తరిగినను, పలుకులను కూర్చు పని సాగినది.

అంత గొప్పవారి మాట యెందుకు? మా వీధిలో అఱువదియెనిమిదేండ్ల అవ్వ యొకరు మనుమని పలక తీసికొని అక్షరములు దిద్దసాగినది. కొడుకు నవ్వి, "ఇప్పుడీ ఓనమాలు ఎందుకే అమ్మా?" అనెను. ఆమె తలయెత్తక, "ఇన్నాళ్లూ ఏ కాగితం మీద వేలిముద్ర వేశానో నాకు తెలియదు నాయనా. ఇకమీదనైనా చదివి వేస్తాను" అనినది. కొడుకు మఱి మాటాడలేదు. ఆ కాగితములలో అతడు పెట్టించినవియు కొన్ని యుండెను. ఆమె వ్రాలు నేటికిని వంకరయే. కాని అది ఆమె వ్రాలు.

ఈ రెండు తప్పులును ఒకే యింట జరుగుట మేమెఱుగుదుము. మనుమరాలికి కాలము మించిపోవుచున్నదనుదురు; అవ్వకు కాలము మించిపోయినదనుదురు. ఇద్దఱి చేతులలోని పుస్తకమును తీసి అటక మీద పెట్టుదురు. చదువరులు తమ యింటి పద్దును తామే చూచుకొందురు గాక. పెండ్లిమాట యెత్తిననాడు పిల్ల యింకను ఏమి కావలసియున్నదో ఆమెనే యడుగుడు. పెద్దవారు క్రొత్తదేదైన నేర్వగోరిననాడు వయస్సు నడుగక, పలక యందింపుడు.