బిల్లులో గన్‌మెటల్, చేతిలో ఇత్తడి

బియ్యం మిల్లు నడిపే మా బావ పంపితే కొడవలూరు వెళ్ళాను. పాత ఎలివేటర్ షాఫ్టు కింద అరిగిన బుష్షొకటి (షాఫ్టు తిరిగే లోహపు గొట్టం) సంచీలో వేసిచ్చి, ఇట్టాంటిదే ఇంకోటి చేయించుకు రమ్మన్నాడు. హైవే పక్కన రేకుల షెడ్డు, అందులో ఒక లేతు.

టర్నరుగారు బుష్షు అందుకుని కొలవనైనా కొలవలేదు. లోపల బొటనవేలు తిప్పి, అంచు మీద ఆకురాయితో రెండు గీతలు గీశారు. పసుపుపచ్చగా మెరిసింది. "గన్‌మెటల్ కాదబ్బయ్యా, ఇత్తడి. పాత కుళాయిలు కరగబోసిన సరుకు." ఇంకో పాత ముక్కని గీసి పక్కన పెట్టారు. దాని మెరుపు ఎర్రడాలు. గన్‌మెటల్ అంటే నూటికి 88 పాళ్ళు రాగి, 10 తగరం, 2 జింకు. వీటిలో ప్రియమైంది తగరం. దాన్ని మిగుల్చుకుని జింకు దట్టించేస్తారు. బిల్లులో పేరు మాత్రం మారదు.

పక్కన కూచున్న ఐసు ఫ్యాక్టరీ మేస్త్రి విసుక్కున్నాడు. "మాటిమాటికీ నీ దగ్గరికి రాలేక చస్తన్నా. అల్యూమినియం బ్రాంజు వెయ్యి సామీ, గట్టిగా ఉంటది."

"గట్టిగానే ఉంటది. షాఫ్టుని తినేస్తది."

నిజమే. అల్యూమినియం బ్రాంజుకి గట్టిపరచిన షాఫ్టు ఉండాలి, శుభ్రమైన నూనె తెంపు లేకుండా అందాలి. పాత మిషన్లలో ఉండేది మెత్తటి ఉక్కు షాఫ్టు, గుర్తొచ్చినప్పుడు పోసే నూనె, దానిమీద తవుడు దుమ్ము. అక్కడ 83 రాగి, 7 తగరం, 7 సీసం, 3 జింకు కలిసిన బ్రాంజే నయం. కాసేపు నూనె అందకపోయినా సీసం షాఫ్టుకి పూసుకుని పట్టేయకుండా కాస్తుంది, పడ్డ నలుసుని తనలో దిగనిస్తుంది. (సీసం గనక బియ్యం తగిలే చోటికి మాత్రం వద్దు.) అరిగితే బుష్షు అరగాలి, షాఫ్టు కాదు.

ఈ విద్య ఆయనకి అబ్బింది కోవూరు మండలం పోతిరెడ్డిపాళెంలోని కోవూరు సహకార చక్కెర ఫ్యాక్టరీలో, క్రషింగ్ లేని నెలల్లో చేసిన రిపేర్లలో. చెరకు రోలర్లు నిమిషానికి నాలుగైదు చుట్లు తిరుగుతాయి, నెత్తిన టన్నుల బరువు. అంత నింపాదిగా తిరిగేచోట నూనె పొర సరిగా నిలవదు, భారమంతా బేరింగు లోహం మీదే. ఫ్యాక్టరీ మూతపడి పదేళ్ళు దాటింది. బకాయిల గురించీ భూముల గురించీ మాట్లాడేవాళ్ళున్నారు. ఏ రోలరుకి ఏ లోహం పోశారో, ఏది ఎన్ని సీజన్లు ఆగిందో ఫిట్టర్లని కూచోబెట్టి రాయించుకున్నవాళ్ళు నాకైతే కనబడలేదు. నాకు ఒళ్ళుమండేది అందుకే.

బుష్షు ఆయన ఆరోజు తిప్పలేదు. "షాఫ్టు తే. అదీ గుండ్రం తప్పే ఉంటది. దాన్ని చూడకుండా ఏ సైజుకి బోరెయ్యను?"

ధాన్యంలో తేమెంతో మీటరు పెట్టి చూసే మిల్లర్లు బుష్షులో తగరమెంతో అడగరు. తిరుగుదారిలో నెల్లూరులో ఒక లోహాల కొట్టెక్కి, ఇలాంటి సీసపు బ్రాంజులకున్న ప్రమాణం ఐఎస్ 318 ప్రకారం ఏ గ్రేడో బిల్లు మీద రాసిస్తారా అన్నాను.

"బుష్షుకేగా సార్, అంతెందుకు?"