సంగమ సీమ భోపాల్‌పట్నం

సెలవు ప్రయాణ రాయితీ మంజూరు కాగానే మనలో అనేకుల దృష్టి తిరుపతి, కాశి, ఊటీల వైపు మరలడం సహజం. ఆ స్థలాల ఘనతను తక్కువ చేయడం మా అభిమతం కాదు. అయితే ఒక ఊరిని చూడడం వేరు, ఆ ఊరిలో మనుషులు ఎందుకు ఒకచోట చేరుతున్నారో తెలుసుకోవడం వేరు. మహానగరాల్లో సంగీత సభకైనా, సంఘ వార్షికోత్సవానికైనా ఆహ్వాన పత్రిక ముందుగా అందుతుంది. వేదిక, వేళ అందులో అచ్చయి ఉంటాయి. అటువంటి పత్రిక ఏదీ లేకుండానే, చంద్రుని లెక్కను, పంటల లెక్కను బట్టి జనం వేళ తప్పక కూడే సీమ ఒకటి మన పొరుగునే ఉన్నది. ఆ సీమ పేరు భోపాల్‌పట్నం.

పేరు వినగానే కొందరు మధ్యప్రదేశ్ రాజధాని భోపాల్ అనుకుంటారు. మరికొందరు మన భూపాలపల్లి అనుకుంటారు. ఈ భోపాల్‌పట్నం ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, బీజాపూర్ జిల్లాలో ఉన్నది. బీజాపూర్ అన్నప్పుడు గోల్‌గుంబజ్ ఉన్న కర్ణాటక నగరాన్ని కూడా మరచిపోవాలి. ఇది పాత బస్తరు సంస్థానపు దక్షిణ భాగం. 1998లో బస్తరు నుండి దంతెవాడ జిల్లా, 2007లో దంతెవాడ నుండి బీజాపూర్ జిల్లా ఏర్పడ్డాయి.

దారి

హైదరాబాదు నుండి వరంగల్లు, ములుగు, ఏటూరునాగారం మీదుగా సాగే 163వ జాతీయ రహదారి భోపాల్‌పట్నం చేరుతుంది. ప్రయాణం మూడు వందల కిలోమీటర్లకు పైచిలుకు. ఏటూరునాగారం దాటిన తరువాత ముళ్లకట్ట వద్ద గోదావరిపై నిర్మించిన పొడవైన వంతెన ఎక్కితే ఆవలి గట్టున పూసూరు తగులుతుంది. వంతెన లేని రోజుల్లో పడవ ఎక్కాలి, లేదా భద్రాచలం చుట్టి రావాలి. వాజేడు మండలపు అడవుల గుండా పేరూరు, టేకులగూడెం దాటగానే రాష్ట్ర సరిహద్దు వస్తుంది. అవతల మొదటి ఊరు తార్లగూడ. అక్కడినుండి మైలురాళ్లపై నాగరలిపి కనిపిస్తుంది. కాని టీ కొట్టు ముందు మాటలు మాత్రం తెలుగే.

భోపాల్‌పట్నానికి పడమట ఇంద్రావతి ప్రవహిస్తుంది. ఆవలి గట్టు మహారాష్ట్రలోని సిరోంచ తాలూకా. దిగువన భద్రకాళి గ్రామం వద్ద ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. మూడు రాష్ట్రాల నేల ఒకదానికొకటి ఎదురుగా నిలిచే ఆ సంగమస్థలంలో భద్రకాళి ఆలయం ఉన్నది. గోదావరి పుష్కరాలు 2015లో జరిగాయి కనుక పన్నెండేళ్ల లెక్కన 2027లో మరల రావాలి. రాజమండ్రి రద్దీకి వెరచే కుటుంబాలు ఈ సంగమాన్ని గుర్తుంచుకోదగును.

జనం, భాష

ఇక్కడి అడవి పల్లెలలో దోర్లలు ప్రధానంగా నివసిస్తారు. వారి మాట దోర్లి. గోండీ, కోయ భాషల కుటుంబానికి చెందిన ఆ మాటలో తెలుగు చాలా కలిసి ఉన్నది. పట్టణంలో ఇంట తెలుగు, బడిలో హిందీ. అంగడిలో మూడు భాషలూ ఒకే బేరంలో వినిపిస్తాయి. గోండీలో, కోయలో పర్వానికి “పండుం” అని పేరు. మన “పండుగ”కు అది తోబుట్టువు అని చెప్పనవసరం లేదు.

ఈ ప్రజలు కూడితే ఏమవుతుందో చరిత్ర ఎరుగును. 1795లో కెప్టెన్ బ్లంట్ అనే ఆంగ్లాధికారి బస్తరులో ప్రవేశించబోగా భోపాల్‌పట్నం సీమ గోండులు ఎదుర్కొని మరలించారు. 1859లో హైదరాబాదు గుత్తేదారులు సాలవృక్షాలను నరికించుతుండగా దక్షిణ బస్తరు జమీందారీల గ్రామపెద్దలు ఒకచోట సమావేశమై, ఒక్క చెట్టు కూలితే ఒక తల కూలునని తీర్మానించారు. ఆ పోరాట నాయకులలో నాగుల్ దోర్ల ఒకరు. 1876 మురియా తిరుగుబాటు తరువాత మార్చి నెలలో జగదల్‌పూర్‌లో మొదటి మురియా దర్బారు జరిగింది. అందులో ప్రజలను ఉద్దేశించి మాట్లాడినది ఆనాటి సిరోంచ డిప్యూటీ కమిషనరు. నేటికీ బస్తరు దసరాలో ఆ దర్బారు జరుగుతున్నది. శ్రావణ అమావాస్యతో మొదలై 75 రోజులు సాగే ఆ దసరాలో రావణ దహనం లేదు. పల్లె దేవతలు దంతేశ్వరి సన్నిధికి అతిథులుగా వస్తారు. పల్లె పెద్దలు తమ బాధలు పాలకుల ముందు విన్నవిస్తారు.

గోదావరిపై ఇచ్చంపల్లి వద్ద, ఇంద్రావతిపై భోపాల్‌పట్నం వద్ద భారీ ఆనకట్టలు ప్రతిపాదించారు. అడవి, పల్లెలు మునుగునని బాబా ఆమ్టే ప్రభృతులు గిరిజనులతో కలిసి ఉద్యమించారు. ఆ నిర్మాణాలు ఆగిపోయాయి.

కూడే వేళలు

వారపు అంగడి ఈ సీమకు ప్రాణం. వేసవి ముఖాన ఇప్పపూవు, తరువాత తునికాకు, చింతపండు రాశులుగా దిగుతాయి. ఉప్పు, బట్టలు, గాజులు ఎదురు వెళతాయి. మధ్యాహ్నం దాటితే కోడిపందెపు బరి చుట్టూ జనం వలయమవుతారు. మేము గమనించిన ముఖ్య విశేషం వేరొకటి. సరుకు అమ్ముడుపోయిన తరువాత కూడా జనం కదలరు. అత్తవారి ఊరి కబురు, పెళ్లి సంబంధం, పోయిన పశువు జాడ, అన్నీ అక్కడే తేలాలి.

ఎండాకాలంలో విత్తనాల పండుగ, బీజా పండుం, వస్తుంది. విత్తును దేవతకు చూపకుండా దుక్కిలో వేయరు. పెళ్లిళ్ల కాలం కూడా ఇంచుమించు అదే. ఊరి నడుమ డోళ్లు మోగితే స్త్రీలు భుజాలు కలిపి వలయంగా తిరుగుతారు. చూచేవారు, ఆడేవారు అనే భేదం ఉండదు. మాతో వచ్చిన ఆడపిల్లలను కూడా చేయి పట్టి లాగి వరుసలో కలుపుకున్నారు.

రెండేళ్లకు ఒకసారి మాఘమాసంలో మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర జరుగుతుంది. 1996లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. చిలుకలగుట్ట నుండి సమ్మక్క, కన్నెపల్లి నుండి సారలమ్మ గద్దెలకు వచ్చే ఆ నాలుగు దినాలు బస్తరు నుండి కోయలు, దోర్లలు అడవిదారుల వెంట తరలివస్తారు. అమ్మల కథను డోలితో గానం చేసే కళాకారులలో సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో వారు కన్నుమూశారు. అటువంటి కంఠం పోతే ఒక గ్రంథాలయం మూతపడినట్లే.

ఎందుకు కూడాలి?

2005 తరువాతి కల్లోల సంవత్సరాలలో బీజాపూర్ జిల్లా పల్లెలు అనేకం ఖాళీ అయ్యాయి. వేలాది కుటుంబాలు గోదావరి దాటి నేటి ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవుల్లో తలదాచుకున్నాయి. అన్న అక్కడ, చెల్లెలు ఇక్కడ. మిర్చి కోతల కాలంలో కూలికి వచ్చినప్పుడో, జాతరలోనో, అంగడిలోనో తప్ప ఒకరినొకరు చూచుకొనే వీలు లేకపోయింది. అంగడి గట్టున కూర్చున్న ఒక వృద్ధురాలిని, “ఏమి కొన్నావు అవ్వా?” అని అడిగాము. “ఏం కొనలె బిడ్డా, మా తమ్ముడొస్తడేమోనని చూస్తున్న” అన్నది. ఆ ఒక్క మాటతో ఆ అంగడి అర్థం మాకు బోధపడింది. మనకు వినోదమైనది వారికి బంధుత్వపు ఆధారం.

2025లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం “బస్తర్ పండుం” ప్రారంభించింది. పాట, ఆట, వాద్యం, వంట, వేషం మొదలైన అంశాలలో బ్లాకు స్థాయిలో మొదలైన పోటీలు జిల్లా స్థాయి దాటి, డివిజను స్థాయిలో దంతెవాడలో ముగిశాయి. సులూర్ అనే వెదురు వాద్యం తయారు చేసే నారాయణపూర్ జిల్లా పండిరాం మండావికి అదే సంవత్సరం పద్మశ్రీ ప్రకటించారు. మరుగునపడిన వాద్యాలను సేకరించి “బస్తర్ బ్యాండ్” నడిపిన అనూప్ రంజన్ పాండేకు 2019లోనే ఆ గౌరవం దక్కింది. ఇవి సంతోషకరమైన విషయాలు. వేదిక దొరికితే యువకులు డోలు మరల భుజానికి ఎత్తుతారు. అయితే రాత్రంతా సాగే ఆట వేదికపై కొద్ది నిమిషాలకు కుదించుకుపోతుంది. న్యాయనిర్ణేతల కోసం ఆడే ఆటలో చెల్లెలి చేయి పట్టుకొనే చోటు ఉండదు. వేదిక వర్ధిల్లాలి. దానితోపాటు అంగడి గట్టు, ఊరి నడుమ వలయం కూడా నిలవాలి.

యాత్రికులకు మనవి

శీతకాలం ప్రయాణానికి అనుకూలం. బయలుదేరే ముందు దారి పరిస్థితిని స్థానికుల వద్ద విచారించుకోవాలి. అడుగకుండా ఛాయాచిత్రాలు తీయరాదు. గద్దెల వద్ద, దేవరల వద్ద పాదరక్షలు విడవాలి. బస చేయదలచినవారు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని బీజాపూర్ చేరడం మేలు.

చివరగా మన కాలనీల సాంస్కృతిక కార్యదర్శులకు ఒక సూచన. వార్షికోత్సవాలకు గిరిజన నృత్య బృందాలను పిలిచే ఆనవాయితీ మనకున్నది. ఈసారి పిలిచినప్పుడు పది నిమిషాలు ఇచ్చి పంపివేయక, భోజనాలకు కూర్చుండబెట్టి, రాత్రికి ఆగమని కోరుదాము. ఆ రాత్రి డోలు మోగితే కుర్చీలు ప్రక్కకు జరిపి మన పిల్లలను ఆ వలయంలోకి పంపుదాము.