పై పుస్తకంలో సరిగానే ఉంటుంది



మేము దివిసీమలో ఒక చిన్న సంఘానికి కాపరిగా వచ్చిన మొదటి ఏడాది, ఇంటింటికీ తిరిగి కుటుంబాల రిజిస్టరు రాశాము. ఒక పెద్దాయనను పుట్టిన తేదీ అడిగితే, "తేదీ నాకేం తెలుసు అయ్యగారూ! ఉప్పెనొచ్చిన ఏడు మా నాయనతో కలిసి శవాలు మోశాను. అప్పటికి పదిహేనేళ్లోణ్ణి" అన్నాడు.

గడి ఖాళీగా ఉండకూడదని మా తొందర. ఆయన ముఖం చూసి 1-1-1965 అని వేసేశాము. తరువాత ఆధార్ తీయించుకునేటప్పుడు, అయ్యగారి పుస్తకంలో ఉన్నదే నిజమని ఆయన ఆ తేదీనే చెప్పాడు.

దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. పదిహేనేళ్లు వెనక్కి లెక్కిస్తే 1962. 2022లో అరవై నిండవలసిన మనిషికి, కార్డు ప్రకారం నిండలేదు. వృద్ధాప్య పింఛను అడగడానికి మరి మూడేళ్లు ఆగవలసి వచ్చింది. దిద్దించబోతే రుజువు కాగితం అడిగారు. ఆయనకు కాగితం ఎక్కడిది?

ఆమోసు ప్రవక్త గ్రంథం మొదటి వచనంలో, భూకంపానికి రెండేళ్ల ముందు అని కాలం చెప్పబడింది. అందులో తేదీ లేదు, అబద్ధమూ లేదు. మా పెద్దాయన కూడా నిజమే చెప్పాడు. లేని తేదీని కల్పించినది మేమే.

ఇప్పుడు ఏడు మాత్రమే తెలిస్తే ఏడే రాస్తాము. మిగతా గడులు వదిలి, వారు చెప్పిన మాటను చెప్పినట్టే పక్కన రాస్తాము. నెలను అక్షరాలలో రాస్తాము. 3-4 అంటే ఏప్రిలు అనుకునేవారూ ఉన్నారు, మార్చి అనుకునేవారూ ఉన్నారు. "సోమవారం రాత్రి పుట్టాడు" అని తల్లి అంటే, పన్నెండు దాటాకా, దాటకముందా అని అడుగుతాము. మన ఇళ్లలో తెల్లవారితేనే రోజు మారుతుంది. ఆసుపత్రి కాగితంలో అర్ధరాత్రికే మారుతుంది.

తల్లిదండ్రులారా, బిడ్డ పుట్టిన 21 రోజులలోగా జననం నమోదు చేయించండి. 2023 అక్టోబరు 1న గాని, ఆ తర్వాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికైనా, ఆధార్‌కైనా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. బిడ్డను మందిరానికి తెచ్చేనాడు ఆ పత్రం కూడా తెండి.

మేము ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాము. ఆయన ఎదుటనే పాత తేదీ కొట్టివేసి, "ఉప్పెన నాటికి పదిహేనేళ్లు" అని రాసి సంతకం చేశాము. ఆయన నవ్వి, "పోనీలెండి అయ్యగారూ, పై పుస్తకంలో సరిగానే ఉంటుంది" అన్నాడు.